ఐర్లండ్ ఫుట్‌బాల్‌లో రిజర్వ్ లీగ్‌లు, లీగ్ పిరమిడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

డబ్లిన్‌కి చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లకు శుక్రవారం సాయంత్రం ఒక దృశ్యం ఎదురవుతుంది. లువాస్ ట్రామ్‌ రెడ్ లైన్‌లో ఆకుపచ్చ, తెలుపు చారల స్కార్ఫులు వేసుకున్న జనం కిక్కిరిసి టాలా వైపు పోతుంటారు. అవి షామ్‌రాక్ రోవర్స్ రంగులు. ఫిబ్స్‌బరో వైపు చూస్తే ఎరుపు, నలుపు, అవి బొహీమియన్స్‌వి. "ఇవి ఏ జట్లు? మాంచెస్టర్, లివర్‌పూల్ కాదా? వీటిలో పెద్దది ఏది, చిన్నది ఏది?" అని కొత్తగా వచ్చిన తమ్ముళ్లు అడుగుతుంటారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, అన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ఐర్లండ్‌లో ఫుట్‌బాల్ అంటే ఏ ఆట?

ఇక్కడ ఊరిని బట్టి అర్థం మారుతుంది. పల్లెటూళ్లలో 'ఫుట్‌బాల్' అంటే గేలిక్ ఫుట్‌బాల్. అది బంతిని చేత్తో కూడా పట్టుకునే వేరే ఆట. మనకు తెలిసిన ఫుట్‌బాల్‌ని చాలామంది సాకర్ అంటారు. ఈ పేజీ మొత్తం దాని గురించే.

పరిపాలన కూడా రెండు ముక్కలు. బెల్‌ఫాస్ట్‌లో ఉన్న పాత సంఘం నుంచి విడిపోయి 1921లో డబ్లిన్‌లో ఎఫ్ఏఐ (ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ ఐర్లండ్) ఏర్పడింది. అదే ఏడాది 8 జట్లతో లీగ్ ఆఫ్ ఐర్లండ్ మొదలైంది. ఆ ఎనిమిదీ డబ్లిన్ జట్లే. మొదటి విజేత సెయింట్ జేమ్సెస్ గేట్, అంటే గిన్నిస్ బీరు ఫ్యాక్టరీ కార్మికుల జట్టు. ఉత్తర ఐర్లండ్‌కి వేరే సంఘం, వేరే లీగ్ ఉన్నాయి. ఒక్క డెర్రీ సిటీ మాత్రం సరిహద్దుకు అటువైపు ఊళ్లో ఉంటూ ఇటువైపు లీగ్‌లో ఆడుతుంది. అక్కడి గొడవల మధ్య భద్రత కారణాలతో ఆ క్లబ్ 1972లో ఉత్తరపు లీగ్ నుంచి బయటికి వచ్చేసింది. 13 ఏళ్లు సీనియర్ ఫుట్‌బాల్ లేకుండా గడిపి, 1985లో దక్షిణపు లీగ్‌లో చేరింది. నాలుగేళ్లు తిరక్కముందే, 1989లో, లీగ్‌తో పాటు రెండు కప్పులూ గెలిచింది.

లీగ్‌లో ఎన్ని అంచెలు ఉన్నాయి?

రెండు. పైది ప్రీమియర్ డివిజన్, కిందది ఫస్ట్ డివిజన్. పేరులో 'ఫస్ట్' ఉన్నా అది రెండో అంచె. ఈ ఏర్పాటు 1985-86 సీజన్‌లో వచ్చింది. అంతకుముందు ఒకే డివిజన్ ఉండేది. ఇప్పుడు పైన 10, కింద 10 జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టు మిగతా తొమ్మిదింటితో నాలుగేసి సార్లు తలపడుతుంది, మొత్తం 36 మ్యాచ్‌లు. 2003 నుంచి సీజన్ వేసవి మీదుగా ఒకే క్యాలెండర్ ఏడాదిలో నడుస్తోంది. ఇప్పుడు ఫిబ్రవరిలో మొదలై శరదృతువు చివర్లో ముగుస్తోంది. ఇంగ్లండ్ సీజన్ ఆగస్టు నుంచి మే దాకా. కాబట్టి రెండింటి క్యాలెండర్లూ కలవవు. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పైకి వెళ్లడం, కిందికి పడటం ఎలా?

వైకుంఠపాళి ఆడిన వాళ్లకు ఇది వెంటనే అర్థమైపోతుంది. ఫస్ట్ డివిజన్ గెలిచిన జట్టు నిచ్చెన ఎక్కి నేరుగా పైకి పోతుంది. రెండు నుంచి ఐదు స్థానాల్లో ఉన్న నాలుగు జట్లు ప్లేఆఫ్‌లు ఆడతాయి. వాటిలో నెగ్గిన జట్టు ప్రీమియర్‌లో తొమ్మిదో స్థానంలో ఉన్న జట్టుతో ఒక్క మ్యాచ్ ఆడుతుంది. ఏడాది కష్టమంతా ఆ తొంభై నిమిషాల్లో తేలిపోతుంది. ప్రీమియర్‌లో ఆఖరి జట్టుని పాము మింగినట్టే, నేరుగా కింద పడుతుంది. 2024లో డండాక్ పడింది. 2016లో యూరోపా లీగ్ గ్రూప్ మ్యాచ్‌లో నెగ్గి ఐర్లండ్‌ని మురిపించిన క్లబ్ అది. మరుసటి ఏడాదే ఫస్ట్ డివిజన్ గెలిచి తిరిగి పైకొచ్చింది.

అయితే ఈ వైకుంఠపాళి పటం సగంలో ఆగిపోతుంది. ఫస్ట్ డివిజన్‌లో ఆఖరి స్థానంలో ఉన్న జట్టు ఎక్కడికీ పడదు. 2023లో కొత్తగా వచ్చిన కెర్రీ ఎఫ్‌సీ అట్టడుగున నిలిచినా, మరుసటి ఏడాది అదే డివిజన్‌లో ఆడింది. కింది నుంచి పైకి రావడానికి కూడా నిచ్చెన లేదు. లీగ్‌లన్నీ పైనుంచి కింది దాకా అంచెలుగా పేర్చిన వరసనే పిరమిడ్ అంటారు. ఐర్లండ్ పిరమిడ్ గురించి మాట్లాడేటప్పుడు అందరం కొట్టుకునేది ఈ విషయం మీదే.

మరి ఆ కింద ఏముంది?

చాలా ఉంది. అసలు సిసలు ఫుట్‌బాల్ జనం అక్కడే ఉన్నారు. లీన్‌స్టర్ సీనియర్ లీగ్, మన్‌స్టర్ సీనియర్ లీగ్, అల్‌స్టర్ సీనియర్ లీగ్ అని ప్రాంతాల లీగ్‌లు ఉన్నాయి. లీన్‌స్టర్ లీగ్ 1890ల నాటిది, అంటే లీగ్ ఆఫ్ ఐర్లండ్ కంటే పాతది. పేర్లలో 'సీనియర్' ఉన్నా ఈ స్థాయిని ఇంటర్మీడియట్ అంటారు. సీనియర్ స్థాయి అంటే లీగ్ ఆఫ్ ఐర్లండ్ రెండు డివిజన్లే. దాని కింద ఊరూరా ఉన్న జిల్లా లీగ్‌లది జూనియర్ స్థాయి. మనవాళ్లు ఇక్కడ పొరబడతారు. జూనియర్ అంటే పిల్లలు కాదు. నలభై దాటిన మేస్త్రీలు, పోస్ట్‌మ్యాన్‌లు కూడా జూనియర్ ఫుట్‌బాల్ ఆడతారు. ఎఫ్ఏఐ జూనియర్ కప్ వందేళ్లుగా నడుస్తోంది.

నేను మొదటిసారి లీన్‌స్టర్ లీగ్ మ్యాచ్ చూసింది ఒక మునిసిపల్ పార్కులో. కిక్కాఫ్‌కి గంట ముందు ఇద్దరు పెద్దమనుషులు వ్యాన్‌లోంచి గోల్ నెట్‌లు దించి, చిన్న నిచ్చెన మీద నిలబడి ఒక్కో కొక్కేనికీ తగిలిస్తున్నారు. సాయం చేద్దామని నేను ఒక చివర పట్టుకున్నాను. ఆ నెట్ తడిసి మన చేపల వల బరువంత ఉంది. తర్వాత తెలిసింది, అందులో ఒకాయన ఆ క్లబ్ అధ్యక్షుడట. మ్యాచ్ అయ్యాక నెట్‌లు విప్పి వ్యాన్‌లోకి ఎక్కించింది కూడా ఆయనే.

ఈ మైదానాల నుంచి వచ్చినవాళ్లు తక్కువవాళ్లు కాదు. సెయింట్ ప్యాట్రిక్స్ అథ్లెటిక్ లీన్‌స్టర్ సీనియర్ లీగ్ నుంచే 1951లో లీగ్ ఆఫ్ ఐర్లండ్‌కి వచ్చి, వచ్చిన ఏడాదే టైటిల్ కొట్టింది. 1990లో లీగ్ ఆఫ్ ఐర్లండ్‌లో లేని సెయింట్ ఫ్రాన్సిస్ అనే జట్టు ఎఫ్ఏఐ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. ఫైనల్లో బ్రే వాండరర్స్ చేతిలో 3-0తో ఓడింది, అది వేరే సంగతి. షేమస్ కోల్మన్ డోనెగాల్‌లోని కిల్లీబెగ్స్‌లో ఊరి జట్టుకి ఆడుతూ స్లైగో రోవర్స్‌కి వచ్చాడు. అక్కడి నుంచి 2009 జనవరిలో 60,000 పౌండ్లకు ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్ తీసుకుపోయింది. తర్వాత ఐర్లండ్ కెప్టెన్ అయ్యాడు.

నిచ్చెన లేకపోతే కొత్త క్లబ్‌లు ఎలా వస్తున్నాయి?

లైసెన్స్ ద్వారా. స్టేడియం, డబ్బు లెక్కలు, కోచ్‌ల అర్హతలు, పిల్లల జట్లు అన్నీ చూపించి ఎఫ్ఏఐకి దరఖాస్తు పెట్టుకోవాలి. సాధారణంగా ఏదో ఒక క్లబ్ మూతపడి ఖాళీ ఏర్పడినప్పుడే ఆ తలుపు తెరుచుకుంటుంది. 2019 చివర్లో లిమరిక్ మూతపడింది. 2021లో అదే ఊరి నుంచి ట్రీటీ యునైటెడ్ వచ్చింది. గేలిక్ ఫుట్‌బాల్ ప్రాణంగా బతికే కెర్రీ కౌంటీ నుంచి తొలి సీనియర్ సాకర్ క్లబ్ 2023లో అడుగుపెట్టింది.

మన హైదరాబాద్‌కి ఇది కొత్త కాదు. శ్రీనిధి డెక్కన్ క్లబ్ కూడా కింది డివిజన్‌లు ఆడి రాలేదు, 2021-22 సీజన్‌లో నేరుగా ఐ-లీగ్‌లో చేరింది.

ఈ పద్ధతిలో మంచి ఉంది, చెడు కూడా ఉంది. పునాది లేని క్లబ్‌లు పైకి వచ్చి కూలిపోకుండా లైసెన్స్ కొంత కాపాడుతుంది. అన్నిసార్లూ కాదు. స్పోర్టింగ్ ఫింగల్ 2008లో లీగ్‌లోకి వచ్చి, 2009లో ఎఫ్ఏఐ కప్ గెలిచి, 2011 మొదట్లోనే మూతపడింది. మొనాహన్ యునైటెడ్ 2012లో సీజన్ మధ్యలోనే తప్పుకుంది. చెడు మాటకొస్తే, పార్కులో నెట్ కట్టే ఆ పెద్దాయన జట్టు వరసగా పదేళ్లు లీగ్ గెలిచినా పైకి పిలిచేవాళ్లు లేరు. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

రిజర్వ్ లీగ్ అంటే ఏమిటి? దాని అవసరం ఏముంది?

ఒక క్లబ్‌లో సుమారు పాతిక మంది ఆటగాళ్లు ఉంటారు. మైదానంలోకి దిగేది 11 మంది, సబ్‌స్టిట్యూట్లుగా వెళ్లేది ఐదుగురు. మిగతావాళ్లు? గాయం నుంచి కోలుకుంటున్నవాడు, ఫామ్ పోయినవాడు, ఇరవై ఏళ్ల కుర్రాడు, వీళ్లందరికీ మ్యాచ్‌లు కావాలి. ఎంత ప్రాక్టీస్ చేసినా మ్యాచ్‌కి సాటి రాదు. ఆ మ్యాచ్‌ల కోసం క్లబ్‌ల రెండో జట్లు ఒకదానితో ఒకటి ఆడేదే రిజర్వ్ లీగ్.

రెండో గోల్‌కీపర్‌ని గమనించండి, రిజర్వ్ లీగ్ ఎందుకో మీకే తెలుస్తుంది. ఫార్వర్డ్‌కి కనీసం చివరి పది నిమిషాలైనా ఆట దొరుకుతుంది. గోల్‌కీపర్‌ని గాయమైతే తప్ప మధ్యలో మార్చరు. మొదటి గోల్‌కీపర్ ఆరోగ్యంగా ఉంటే రెండోవాడు ఏడాదంతా వార్మప్ చేయడం, బెంచ్ మీద కూర్చోవడం, ఇంటికి పోవడం. చలికి చేతులు గ్లోవ్స్‌లో ముడుచుకుని, హాఫ్ టైమ్‌లో తోటి సబ్‌స్టిట్యూట్ కొట్టే బంతుల్ని ఆపుతూ ఉంటాడు. అకస్మాత్తుగా ఒకరోజు అతన్ని దింపితే, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఐర్లండ్‌లో అలాంటి లీగ్ ఎప్పుడైనా ఉందా?

ఉంది. వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఫస్ట్ డివిజన్ పుట్టక ముందు 'బి డివిజన్' అని ఒకటి నడిచేది. అందులో పెద్ద క్లబ్‌ల రెండో జట్లు, పైకి రావాలని ఆశపడే కొత్త క్లబ్‌లు కలిసి ఆడేవి. కొన్ని క్లబ్‌లు తమ రెండో జట్టుని ప్రాంతీయ సీనియర్ లీగ్‌లకి పంపేవి. యూనివర్సిటీ జట్టు యూసీడీ లీన్‌స్టర్ లీగ్‌లో, డోనెగాల్‌కి చెందిన ఫిన్ హార్ప్స్ అల్‌స్టర్ లీగ్‌లో అలా ఆడాయి.

అన్నిటికంటే పెద్ద ప్రయత్నం 'ఎ ఛాంపియన్‌షిప్'. 2007లో లీగ్ నిర్వహణ ఎఫ్ఏఐ చేతికి వచ్చాక, 2008లో దీన్ని మూడో అంచెగా మొదలుపెట్టారు. ఆలోచన చాలా బాగుంది. సీనియర్ క్లబ్‌ల రెండో జట్లను, సీనియర్ స్థాయికి ఎదగాలనుకునే కొత్త క్లబ్‌లను ఒకే చోట ఆడించారు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు: కుర్రాళ్లకు మ్యాచ్‌లు, కొత్త క్లబ్‌లకు మెట్టు.

ఆ మెట్టు పనిచేసింది కూడా. గాల్వే నుంచి మెర్వ్యూ యునైటెడ్, సాల్ట్‌హిల్ డెవన్ ఈ ఛాంపియన్‌షిప్ ఆడి, 2010 నాటికి ఫస్ట్ డివిజన్‌లో ఉన్నాయి. కోవ్ రాంబ్లర్స్‌కి ఇదే ఆసరా అయింది. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ అయిన రాయ్ కీన్, ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌కి వెళ్లకముందు ఆడింది ఈ క్లబ్‌కే. 2008లో కోవ్ ప్రీమియర్ నుంచి కింద పడింది. ఆపైన గోరుచుట్టు మీద రోకటి పోటులా ఫస్ట్ డివిజన్ లైసెన్స్ కూడా దక్కలేదు. ఎ ఛాంపియన్‌షిప్ లేకపోతే ఆ క్లబ్ ఏమయ్యేదో. అక్కడ తలదాచుకుని, 2013లో తిరిగి ఫస్ట్ డివిజన్‌కి వచ్చింది.

అంత బాగుంటే 2011 తర్వాత ఎందుకు ఆపేశారు?

డబ్బు. రెండో జట్టంటే రెండో బస్సు, రెండో ఫిజియో, రెండో కిట్, ఇంకో మైదానం అద్దె. కెర్రీ కౌంటీలోని ట్రలీ నుంచి డబ్లిన్‌కి వచ్చి పోవాలంటే ఒక రోజంతా పోతుంది. చూడ్డానికి వచ్చేది ఆటగాళ్ల ఇంట్లోవాళ్లు, ఇంకొందరు అభిమానులు. టికెట్ల మీద పైసా మిగలదు. అదే సమయంలో ఐర్లండ్ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. సీనియర్ జట్టుకే జీతాలు ఇవ్వలేక క్లబ్‌లు చేతులెత్తేస్తున్నప్పుడు, ఖర్చు తగ్గించుకోవాలంటే మొదట కోత పడేది రెండో జట్టు మీదే. ఇంట్లో ఇబ్బంది వస్తే ముందు పిల్లాడి సంగీతం క్లాసు మాన్పించినట్టు.

2011లో ఆ ఛాంపియన్‌షిప్ ఆగింది. 19 ఏళ్ల లోపు కుర్రాళ్ల జాతీయ లీగ్ మొదలైంది కూడా అదే ఏడాది.

షామ్‌రాక్ రోవర్స్ రెండో జట్టు ఫస్ట్ డివిజన్‌లో ఆడిందట, నిజమేనా?

నిజమే, రెండుసార్లు. 2014లో మెర్వ్యూ, సాల్ట్‌హిల్ పక్కకు తప్పుకుని ఊరంతటికీ ఒకే జట్టుగా గాల్వే ఎఫ్‌సీ వచ్చినప్పుడు డివిజన్‌లో ఖాళీ ఏర్పడింది. రోవర్స్ బి జట్టు ఆ చోటు తీసుకుంది. ఒక్క సీజన్ ఆడి తప్పుకుంది. 2020లో లిమరిక్ మూతపడ్డాక రోవర్స్ II పేరుతో మళ్లీ వచ్చింది. మిగతా క్లబ్‌లకు ఇది మింగుడుపడలేదు. ఒక క్లబ్‌కి రెండు జట్లు ఎందుకు ఉండాలి, పైకి వెళ్లే హక్కు లేని జట్టుతో మేమెందుకు ఆడాలి అన్నారు. ఆ వాదనలో న్యాయం ఉంది. రెండో జట్టు గెలిచినా ప్రమోషన్ లేదు. పైగా ఒకవారం నిండా కుర్రాళ్లు, మరోవారం సీనియర్ జట్టు నుంచి దిగిన ముగ్గురు నలుగురు వస్తే ప్రత్యర్థులకు సమాన పోటీ ఎక్కడిది?

కానీ ఆ ఏడాదే 15 ఏళ్ల కెవిన్ జెఫీ రోవర్స్ II తరఫున గోల్ కొట్టి, లీగ్ చరిత్రలో అతి పిన్న వయసు గోల్ స్కోరర్ అయ్యాడు. మరుసటి ఏడాది ఇంటర్ మిలాన్‌కి వెళ్లాడు. ఆ మెట్టు లేకపోతే పదిహేనేళ్ల కుర్రాడు పెద్దవాళ్ల మీద ఆడే అవకాశం ఎక్కడ దొరికేది? అందుకే ఈ గొడవలో నేను ఒక పక్షానికి పూర్తిగా మొగ్గలేను. రెండో జట్లు ఆడాలి. కానీ ఖాళీ పూడ్చడానికి ఒక క్లబ్‌కి మాత్రమే కాదు, అందరికీ ఒకే నియమంతో ఆ అవకాశం ఉండాలి.

ఇప్పుడు పిల్లల లీగ్‌లు ఉన్నాయి కదా, ఇంకా రిజర్వ్ లీగ్ ఎందుకు?

ఉన్నాయి, అవి మంచి పనే చేస్తున్నాయి. సీనియర్ క్లబ్‌లకు అండర్-14 నుంచి అండర్-20 వరకు వయసులవారీగా జాతీయ లీగ్‌లు నడుస్తున్నాయి. సమస్య ఆ ఆఖరి పుట్టినరోజు నుంచి మొదలవుతుంది. వయసు దాటిన రోజున కుర్రాడి ముందు రెండే దారులు: సీనియర్ జట్టులో చోటు, లేదా బయటికి.

మా పక్క వీధిలో ఒక కుటుంబం ఉంది. వాళ్లబ్బాయి ఎడమ కాలి డిఫెండర్, ఏడేళ్లు ఒకే క్లబ్‌లో పెరిగాడు. పందొమ్మిది దాటాక ఆ క్లబ్ ఓ నిమిషం ఫోన్‌తో పంపేసింది. నాలుగు నెలలు బంతి ముట్టుకోలేదని వాళ్లమ్మ నాతో చెప్పింది. ఇప్పుడు వారం రోజులు ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటూ, శనివారాలు లీన్‌స్టర్ లీగ్‌లో ఆడుతున్నాడు. బాగా ఆడుతున్నాడు. ఇరవై మూడేళ్లకి గట్టిపడే డిఫెండర్లు ఎంతమంది లేరు? అప్పటిదాకా అతన్ని కనిపెట్టుకుని ఉండే చోటే ఇక్కడ లేదు.

ప్రస్తుతానికి ఆ లోటుని 'లోన్' కొంత తీరుస్తోంది. ప్రీమియర్ క్లబ్‌లు కుర్రాళ్లను ఆరు నెలలో ఏడాదో ఫస్ట్ డివిజన్ క్లబ్‌లకు అరువిస్తాయి. ఒక రకంగా ఫస్ట్ డివిజనే రిజర్వ్ లీగ్ పని చేస్తోంది.

దీనికి బ్రెగ్జిట్‌తో సంబంధం ఏమిటి?

చాలా ఉంది. ఇదివరకు ఐర్లండ్‌లో మంచి కుర్రాడు కనిపిస్తే 16 ఏళ్లకే ఇంగ్లండ్ క్లబ్‌లు ఎగరేసుకుపోయేవి. ఫిఫా నిబంధనల ప్రకారం 18 లోపు పిల్లలు దేశం దాటి క్లబ్ మారకూడదు. యూరోపియన్ యూనియన్ లోపల మాత్రం 16 నిండితే మినహాయింపు ఉంది. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్‌కి ఆ మినహాయింపు పోయింది. ఇప్పుడు ఐర్లండ్ కుర్రాడు ఇంగ్లండ్ వెళ్లాలంటే 18 నిండాలి.

అంటే ఎదిగే వయసులో అత్యంత విలువైన రెండేళ్లు ఇప్పుడు ఇక్కడే గడుస్తున్నాయి. ఫలితం కనిపిస్తోంది కూడా. సెయింట్ ప్యాట్రిక్స్ కుర్రాడు మేసన్ మెలియా కోసం 2025లో ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హమ్ లీగ్ ఆఫ్ ఐర్లండ్ చరిత్రలోనే రికార్డు ధరకు ఒప్పందం చేసుకుంది, కానీ 18 నిండేదాకా ఆగాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో 16 ఏళ్ల మైకేల్ నూనన్ నార్వే వెళ్లి, అక్కడి క్లబ్ మోల్డే మీద షామ్‌రాక్ రోవర్స్‌కి గెలుపు గోల్ కొట్టాడు. ఇలాంటి అసాధారణ కుర్రాళ్లు ఎక్కడున్నా పైకి వస్తారు. వాళ్ల వెనక, ఇంకో రెండేళ్లు ఆడిస్తే తయారయ్యే వందమంది కోసమే రిజర్వ్ ఫుట్‌బాల్.

మూడో అంచె మళ్లీ వస్తుందా?

ఎఫ్ఏఐ 2024 ఫిబ్రవరిలో ఫుట్‌బాల్ పాత్‌వేస్ ప్లాన్ విడుదల చేసింది. పిరమిడ్‌లో మెట్లన్నీ ఒకదానికొకటి కలపాలన్నది అందులో ముఖ్యమైన అంశం. ఆ తర్వాత నేషనల్ లీగ్ పేరుతో మూడో అంచెను 2026లో మొదలుపెట్టేందుకు ప్రణాళిక ప్రకటించింది.

అడ్డంకి క్యాలెండర్ దగ్గరే వస్తోంది. సీనియర్ లీగ్ ఫిబ్రవరి నుంచి శరదృతువు దాకా ఆడితే, కింది లీగ్‌లలో ఎక్కువ భాగం తరతరాలుగా శరదృతువులో మొదలై వేసవికి ముందు ముగిసేవి. ఒక లీగ్ మే నెలలో ఛాంపియన్‌ని తేల్చితే, ఆ జట్టు పై లీగ్‌లో చేరడానికి మరుసటి ఫిబ్రవరి దాకా ఏం చేయాలి? అందుకే అందరినీ ఒకే క్యాలెండర్‌కి తేవాలని ఎఫ్ఏఐ పట్టుబడుతోంది. వేసవిలో గేలిక్ ఆటలు ఉంటాయి, సెలవులకు ఊళ్లు ఖాళీ అవుతాయి అన్నది కింది క్లబ్‌ల బాధ. పల్లె క్లబ్‌లలో ఒకే కుర్రాడు రెండు ఆటలూ ఆడతాడు కాబట్టి అది కొట్టిపారేసే బాధ కాదు.

మహిళల లీగ్‌లో పరిస్థితి?

మహిళల జాతీయ లీగ్ 2011లో మొదలైంది. ఇప్పటిదాకా ఒకటే డివిజన్, పైకి వెళ్లడం (ప్రమోషన్), కిందికి పడటం (రెలిగేషన్) లేవు. మగవాళ్ల లీగ్‌లో మూడో మెట్టు లేదని మనం బాధపడుతుంటే, ఇక్కడ రెండోదే లేదు.

మా పిల్లల్ని చేర్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సీనియర్ క్లబ్ అకాడమీ గేటు దగ్గర కాదు. మీ పేటలో ఉన్న చిన్న క్లబ్‌లో చేర్చండి, ఫీజు కూడా తక్కువే. ప్రతిభ ఉంటే జిల్లా లీగ్ జట్టు కోచ్‌లు, సీనియర్ క్లబ్ స్కౌట్‌లు వాళ్లంతట వాళ్లే చూస్తారు. మీరు కూడా ఖాళీ ఉంటే సాయం చేయండి, చిన్న క్లబ్‌లకు మనుషుల కొరత ఎప్పుడూ ఉంటుంది. పిల్లలతో పనిచేయాలంటే పోలీసుల తనిఖీ, ఇక్కడి మాటలో గార్డా వెటింగ్, తప్పనిసరి. ఫారం నింపితే క్లబ్‌వాళ్లే పూర్తిచేయిస్తారు.

మ్యాచ్ చూడాలంటే?

ప్రీమియర్ మ్యాచ్‌లు ఎక్కువగా శుక్రవారం రాత్రి 7:45కి. టాలా, డాలీమౌంట్, ఇన్చికోర్‌లోని రిచ్‌మండ్ పార్క్ మ్యాచ్‌ల టికెట్లు ముందే అయిపోతుంటాయి, ఆన్‌లైన్‌లో తీసుకోండి. 2025 ఫిబ్రవరిలో అవీవా స్టేడియంలో బొహీమియన్స్, షామ్‌రాక్ రోవర్స్ మ్యాచ్‌కి 33 వేల పైచిలుకు జనం వచ్చారు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది మాత్రం బెల్‌ఫీల్డ్‌లోని యూసీడీ బౌల్. 39ఎ బస్సు ఎక్కితే క్యాంపస్‌లోనే దిగొచ్చు. జనం తక్కువ, కాబట్టి టచ్‌లైన్ దగ్గరే నిలబడొచ్చు, ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకునే మాటలు కూడా వినిపిస్తాయి. హాఫ్ టైమ్‌లో టీ తాగుతూ గోల్ వైపు చూడండి. అక్కడ రెండో గోల్‌కీపర్ గ్లోవ్స్ తొడుక్కుని బంతులు ఆపుతుంటాడు.